తెప్ప ఇంజను పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ. డ్రమ్ము నింపుము ముందుగా, రబ్బరిదియ
నీరు లేకున్న నిమిషాన నీల్గు గాన;
తాడు లాగుము, వెనుకకు ధార కురియ
వేటకేగుము, కురియదే, వెంట నాపు.

అవతారిక

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు సముద్రానికిచ్చే సెలవు అది. ఆ రెండు నెలలూ ఉప్పాడలోనైనా భీమిలిలోనైనా ఫైబరు తెప్పలు ఒడ్డున ఉంటాయి. వాటి వెనక తగిలించే ఇంజన్లు ఇళ్లలో గోనెపట్టా కప్పుకొని నిద్రపోతాయి. సెలవు ముగియబోతుండగా ఒక తండ్రి కొడుక్కి చేసిన ఉపదేశమిది. కవి పేరు తెలియదు. చేతులకు గ్రీజు అంటినవాడని మాత్రం పద్యమే చెబుతుంది.

ప్రతిపదార్థం

ముందుగా = అన్నిటికంటె మొదట; డ్రమ్ము = పైభాగం కోసిన ప్లాస్టిక్ పీపాను; నింపుము = మంచినీటితో నింపుము; ఇదియ రబ్బరు = ఇంజను కాలిలో తిరిగే ఈ రబ్బరు ఇంపెల్లరు; నీరు లేకున్న = నీళ్లు అందకపోతే; నిమిషాన = ఒక్క నిమిషంలో; నీల్గు గాన = చచ్చును కనుక; తాడు లాగుము = స్టార్టరు తాడు లాగుము; వెనుకకు = ఇంజను వెనకవైపుకు; ధార కురియ = సన్నని నీటిధార చిమ్మినచో; వేటకేగుము = సముద్రం మీదికి పొమ్ము; కురియదే = చిమ్మదా; వెంటన్ = తక్షణమే; ఆపు = ఇంజను కట్టేయుము.

టీక

'నింపుము': ఎంతవరకు? కవి చెప్పలేదు, మెకానిక్కులు చెబుతారు. ప్రొపెల్లరుకు పైనున్న అడ్డపలక మునిగేదాకా. నీటిని పీల్చే రంధ్రాలు ఆ పలక కిందే ఉంటాయి. ప్రొపెల్లరు ఊడదీసి దించడం శిష్టాచారం; లేదంటే పొరపాటున గేరు పడిందో, డ్రమ్ములో నీళ్లు వాకిట్లో ఉంటాయి.

'నిమిషాన నీల్గు': ఇది అతిశయోక్తి అని నగరవాసులైన వ్యాఖ్యాతలు భ్రమపడ్డారు. కాదు, స్వభావోక్తి. ఆ రబ్బరు రెక్కలకు నీళ్లే చలవ, నీళ్లే నూనె. పొడిగా తిరిగితే కాలి ముక్కలవుతాయి. ఆ ముక్కలు పోయి నీటిదారులకు అడ్డం పడతాయి. ఆపైన ఇంజను తల వేడెక్కుతుంది. ఇంపెల్లరు ధరతో తీరే పని పిస్టను ధర దాకా పోతుంది.

పాఠాంతరం: 'పైపు పెట్టుము ముందుగా' అని కొన్ని ప్రతుల్లో ఉంది. రంధ్రాలకు రబ్బరు దొప్పలు తగిలించి, కుళాయి పైపుతో నీళ్లు పట్టడం దాని భావం. దోషం లేని పద్ధతే. కానీ యతి చెడింది. పైగా మా వీధి కుళాయి నడిమధ్యలో ఆగిపోతుంది. కనుక డ్రమ్ము పాఠమే గ్రాహ్యం.

'తాడు లాగుము': ఇక్కడ కవి దాచినవి నాలుగు. పాత పెట్రోలు తీసేయాలి. రెండు నెలలు నిలవుంటే జిగురు కట్టి కార్బురేటరు సన్నరంధ్రం పూడ్చేస్తుంది. టూ స్ట్రోకు ఇంజనైతే కంపెనీ చెప్పిన పాళ్లలో, మామూలుగా లీటరుకు 20 మి.లీ. ఆయిలు కలపాలి. గేరు ఆయిలు కొంచెం వదిలి చూడాలి. పాలు కలిసినట్టు తెల్లగా వస్తే సీలు పోయి లోపలికి నీరు చేరిందన్నమాట. నాలుగోది, ఇంజను ఆపే ఎర్ర తీగ క్లిప్పు దాని చోట ఉండాలి. అది లేకుండా ఎన్నిసార్లు లాగినా నిప్పురవ్వ పుట్టదు. తాడు లాగి లాగి ఇంజనును తిట్టేవారు ముందు దాన్ని చూసుకోవాలి. కిరోసిన్ ఇంజనును పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చడం వేరే ప్రకరణం.

'ధార కురియ': పద్యానికి ప్రాణం ఈ పదం. తర్కశాస్త్రంలో శబ్దం ప్రమాణమే. ఇంజను విషయంలో కాదు. నీళ్లు తిరగని ఇంజను కూడా కాసేపు ఘనంగానే మోగుతుంది. ప్రత్యక్షంగా కనబడే ధారే ప్రమాణం. ధార సన్నబడితే ముందు ఆ రంధ్రాన్ని సన్నని తీగతో పొడవాలి; ఉప్పో, ఇసుకో, కందిరీగ మట్టిగూడో ఉండవచ్చు. అప్పటికీ రాకపోతే ఇంపెల్లరు మార్చక తప్పదు.

పూర్వపక్షం: 'ఏప్రిల్లో బాగానే తిరిగింది కదా, సముద్రం నాలుగడుగుల్లో ఉండగా ఇంట్లో ఈ తంతెందుకు?'

సిద్ధాంతం: ఏప్రిల్లో తిరిగిన ఇంజను వేరు, ఉప్పుతో, జిగురుతో 61 రోజులు నిద్రపోయిన ఇంజను వేరు. డ్రమ్ములో ఆగితే నవ్వేది పక్కింటివాళ్లే. కెరటాలు విరిగేచోట ఆగితే తెప్ప అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన తెప్ప బోర్లాపడుతుంది. 'ఇంట్లో' అంటే వాకిట్లో అని అర్థం. మూసిన గదిలో నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణం తీస్తుంది. ఆరేసిన బట్టలు తీసేయమని పక్కింటి వదినగారికి ముందే చెప్పడం లోకమర్యాద.

గంగమ్మకు కొబ్బరికాయ ధారకు ముందా, వెనకా అన్న వివాదముంది. వెనకే. ఇంపెల్లరు మార్చే పని అమ్మవారికి పెట్టకూడదు.

తాత్పర్యం

ఓ కుమారా! ఇంజను కాలు నీళ్లలో మునిగాకే తాడు ముట్టుకో. చప్పుడు విని మురిసిపోకు, ధార చూసి నమ్ము. రాకపోతే క్షణం ఆలస్యం చేయక కట్టేయి.

విశేషాలు

తేటగీతి. యతులు సరిపోయాయి. నింపడానికి కారణం 'గాన' అని చెప్పినందున కావ్యలింగాలంకారం. రసం వీరం, తాడు మొదటిసారికే అందుకోకపోతే రౌద్రం.

ఫలశ్రుతి

జూన్ 14 సాయంత్రం రేవులో మెకానిక్కు ఎవరికీ దొరకడు. ఇంపెల్లరూ దొరకదు. చదువరులు మే నెలలోనే డ్రమ్ము నింపగలరు.