విప్పిన పరుపు ఆత్మకథ

వస్తువును విప్పి చూడడం వేరు, దానిని వాడుకోవడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడాలన్న ప్రశ్న జర్మనీలో ఒక పరుపు కారణంగా తలెత్తి, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు న్యాయస్థానాల ముందుకు వెళ్లింది. ఇక్కడ తన జీవితాన్ని వివరిస్తున్నది ఆ పరుపే అయినా, వ్యాజ్యం నడిచినంతకాలం వాదించినవారికీ తీర్పు చెప్పినవారికీ అది కేవలం ‘వస్తువు’గానే పరిచయం కనుక, ఆ కాగితాల మర్యాదను అనుసరించి తనను ప్రథమ పురుషలోనే చెప్పుకుంటుంది.

2014 నవంబరులో ఒక జర్మన్ వినియోగదారుడు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ వెబ్‌సైటులో చూసి, 1,094.52 యూరోలకు ఈ పరుపును తెప్పించుకున్నాడు. రవాణాలో మాసిపోకుండా దాని చుట్టూ ప్లాస్టిక్ రక్షణ పొర ఉండేది. సరుకు ఇంటికి చేరాక కొన్నవాడు ఆ పొరను తీసివేశాడు. ఈ పరుపు జీవితంలో జరిగిన పెద్ద సంఘటన అదొక్కటే, తర్వాతి వివాదమంతా దాని చుట్టూనే తిరిగింది. డిసెంబరు 9న అతడు సంస్థకు ఈ-మెయిలు పంపి, పరుపును తిప్పి పంపదలచానని, రవాణా ఏర్పాటు చేయమని కోరాడు. సంస్థ ఆ ఏర్పాటు చేయకపోవడంతో 95.59 యూరోల రవాణా ఖర్చు తానే భరించి, ధరతో కలిపి మొత్తం 1,190.11 యూరోలు రాబట్టుకోవడానికి దావా వేశాడు.

అతడు ఆధారపడినది ‘ఉపసంహరణ హక్కు’, అంటే దూరం నుంచి కుదుర్చుకున్న కొనుగోలును, సరుకు చేతికందిన నాటి నుంచి 14 రోజుల లోపల, ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు. ఐరోపా సమాఖ్య సభ్యదేశాలన్నీ తమ చట్టాల్లో అమలుచేయవలసిన ఆదేశాన్ని డైరెక్టివ్ అంటారు. ఈ హక్కును ఇచ్చిన 2011/83 సంఖ్య గల డైరెక్టివ్ 2014 జూన్ 13 నుంచి వర్తిస్తున్నది. దుకాణానికి వెళ్లి పరుపు కొనేవారు అరచేత్తో నొక్కి, అంచున కూర్చుని, వీలైతే ఒకసారి నడుం వాల్చి మరీ బేరం తెముల్చుకుంటారు. తెరమీది బొమ్మను నమ్మి కొనేవారికి ఆ అవకాశం ఇంటికి వచ్చాకే దొరుకుతుంది కనుక, ఆ లోటును పూడ్చడమే ఈ హక్కు ప్రయోజనం. అయితే వస్తువు స్వభావం, లక్షణాలు, పనితీరు తెలుసుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువగా వాడి, దాని విలువ తగ్గిస్తే, ఆ తరుగును కొన్నవాడే భరించాలి. పరీక్షకు ఇంత స్థలం వదలి, అతివాడకానికి మూల్యం కట్టిన ఈ అమరిక న్యాయమైనదని ఈ పరుపు విశ్వాసం.

భారతదేశంలో పరిస్థితి వేరు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా విక్రేత వాపసుకు నిరాకరించరాదు; పెట్టె విప్పారన్న మాట ఈ బాధ్యతను చెరిపివేయదు. ఇలాంటి ఫిర్యాదులకు 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల సహాయవాణి ఉంది. కానీ లోపమేమీ లేకుండా కేవలం నచ్చకపోతే, తిరిగి తీసుకోవడం చాలావరకు ఆయా సంస్థల సొంత నిబంధనల మీదే ఆధారపడి ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చట్టమే ఇస్తున్న ఆ పద్నాలుగు రోజులు గుంటూరులోని బంధువులకు అమ్మకందారు దయగా మిగిలిపోవడం సరికాదు.

మళ్లీ వ్యాజ్యానికి వస్తే, సంస్థ పట్టుకున్నది డైరెక్టివ్‌లోని ఒక మినహాయింపును. ఆరోగ్య రక్షణ దృష్ట్యా గాని, పరిశుభ్రత దృష్ట్యా గాని వాపసుకు తగనివై, సీలు వేసి వచ్చి, అందాక సీలు తొలగించిన వస్తువులకు ఉపసంహరణ హక్కు ఉండదు. మైంజ్ నగరంలోని రెండు న్యాయస్థానాలు, 2015లో ఒకటి, 2016లో అప్పీలుపై మరొకటి, వినియోగదారుని పక్షానే నిలిచాయి. పై అప్పీలు విన్న జర్మన్ ఫెడరల్ న్యాయస్థానం, పరుపు ఈ మినహాయింపు కిందికి వస్తుందా అన్న ప్రశ్నను లగ్జెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానానికి నివేదించింది.

2019 మార్చి 27న వెలువడిన తీర్పు ఈ పరుపును ఒక చొక్కాతో పోల్చింది. కొనేవారు తొడిగి చూసిన దుస్తులు ఒంటికి తగిలినంత మాత్రాన ఎవరూ వాటిని పారవేయరు. శుభ్రం చేసి మళ్లీ అమ్ముతారు. హోటలు గదిలో ఒకే పరుపు మీద ఒకరి తర్వాత ఒకరు అతిథులు నిద్రపోతున్నారు, వాడిన పరుపులకు బజారు ఉంది, వాటిని లోతుగా శుభ్రపరచవచ్చు. ఇంతకన్నా బలమైన వాదన అవసరం లేదు, ఎందుకంటే పరుపుల గురించి లోకానికి ముందునుంచీ తెలిసిన సంగతే న్యాయపీఠం నోట వచ్చింది. మినహాయింపు అన్నది సంకుచితంగా అన్వయించవలసినది; సీలు తీశాక పరిశుభ్రత కారణంగా వస్తువు శాశ్వతంగా అమ్మకానికి పనికిరాకుండా పోయి, దానిని తిరిగి అమ్మదగినదిగా చేయడం విక్రేతకు అసాధ్యమో మితిమీరిన కష్టమో అయినప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది. నోట పెట్టుకునే దంతకుంచెకు సరిపోయే వాదన, దుప్పటి కప్పి వాడుకునే పరుపుకు సరిపోదు. పైపొర తీయడం సీలు విరచడమే అనుకున్నా, ఆ పొర కాపాడినది పరుపును దుమ్ము నుంచే గాని కొన్నవాని హక్కు నుంచి విక్రేతను కాదు.

ఆ సమాధానాన్ని అనుసరించి జర్మన్ ఫెడరల్ న్యాయస్థానం 2019 జులై 3న సంస్థ అప్పీలును తోసిపుచ్చింది. రక్షణ పొర తీసిన రోజుల నుంచి అప్పటికి నాలుగున్నర ఏళ్లు గడిచాయి.