ఊరికొక ముఖ్యమంత్రి పథకం

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలో కొండారెడ్డిపల్లి ఉంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. 2025 సెప్టెంబరులో ఆ ఊరిని దక్షిణ భారతంలోనే మొట్టమొదటి సంపూర్ణ సౌర గ్రామంగా ప్రకటించారు. 514 ఇళ్లున్న ఊళ్లో 480 ఇళ్ల మీదికి, ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున సోలార్ పలకలు ఎక్కాయి. 11 ప్రభుత్వ భవనాల మీద మరో 60 కిలోవాట్లు. మొత్తం 1,500 కిలోవాట్లు, ఖర్చు 10.53 కోట్ల రూపాయలు. 514లోంచి 480 తీసేస్తే మిగిలే 34 ఇళ్లు ఆ 'సంపూర్ణం'లో ఎలా ఇమిడాయని అడక్కూడదు. ఊరందరికీ పెళ్లి భోజనం పెట్టామని చెప్పుకుంటున్న వాళ్ల దగ్గర చివరి బంతి సంగతి ఎత్తడం మర్యాద కాదు.

ఊరివాళ్ల తప్పేమీ లేదు. ఇంటి కప్పు మీద కరెంటు పుడుతుంటే ఎవరు వద్దంటారు? పేచీ అంతా దాన్ని 'నమూనా' అని పిలవడం దగ్గరే. నమూనా అంటే ఇంకో చోట మళ్లీ చేయగలిగింది. ఈ 10.53 కోట్లలో 3.56 కోట్లు కేంద్రం సబ్సిడీ. 4.09 కోట్లు పలకలు తయారుచేసే ఒక కంపెనీ సామాజిక బాధ్యత పద్దు కింద ఇచ్చింది. ముఖ్యమంత్రి సొంతూరి మీద తన సరుకు మెరుస్తుంటే కంపెనీకి బాధ్యత గుర్తుకు రావడం సహజమే. పక్క మండలంలోని ఊరికీ అదే బాధ్యత అంతే తీవ్రంగా గుర్తుకొస్తుందా అన్నదే అసలు పరిశోధనాంశం. దాని జోలికి ఎవరూ పోలేదు.

లెక్క వేసి చూద్దాం. తెలంగాణలో గ్రామ పంచాయతీలు 12 వేలకు పైనే. ఊరికి 10.53 కోట్ల చొప్పున వేస్తే లక్షా పాతిక వేల కోట్లు దాటిపోతుంది. అంత డబ్బు లేదంటారా, ఇంకో దారి ఉంది. ప్రతి ఊరి నుంచీ ఒక ముఖ్యమంత్రిని తయారుచేసుకోవాలి. ఐదేళ్లకు ఒకరు చొప్పున, ఎవరూ రెండోసారి గెలవకుండా జాగ్రత్తపడితే, 60 వేల ఏళ్లలో రాష్ట్రమంతా సౌరమయం అవుతుంది. సోలార్ పలక ఆయుష్షు పాతికేళ్లే కాబట్టి చివరి ఊరికి పలకలు ఎక్కేసరికి కొండారెడ్డిపల్లి వాళ్లు 2,400వ సారి మార్చుకుంటూ ఉంటారు. అది వేరే పద్దు.

ఇది ఒక పార్టీ కనిపెట్టిన విద్య కాదు. 2019 జులై 22న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తన సొంతూరు చింతమడకకు వెళ్లి కుటుంబానికి 10 లక్షల రూపాయల లబ్ధి చేకూరుస్తామని ప్రకటించారు. 2022 అక్టోబరులో దేశంలోనే మొదటి సౌర గ్రామంగా ప్రకటించిన మొఢేరా గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో ఉంది. ప్రధాని పుట్టిన వడ్‌నగర్ కూడా ఆ జిల్లాయే. సూర్యుడు అందరి మీదా ఒకేలా కాస్తాడని బడిలో చెప్పే పాఠానికి కనీసం ఒక అధోజ్ఞాపిక చేర్చాలి.

నాగర్‌కర్నూల్‌కే ఇంకో ప్రారంభోత్సవం కూడా దక్కింది. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాల పోడు భూములు, 2.10 లక్షల మంది గిరిజన రైతులు, ఐదేళ్ల గడువు. బోర్లకు సోలార్ పంపులు బిగిస్తారు. ఆలోచన మంచిదే. కానీ మాచారంలో రెండు వానాకాలాలు గడవనిచ్చి, నల్లమల బోర్లలో ఎండాకాలం నీళ్లు ఎంత లోతుకు దిగాయో కొలిచి, అప్పుడు 6 లక్షల ఎకరాల మాట ఎత్తడమన్నది మన పద్ధతి కాదు. ఇక్కడ మొదటి రోజే ఫలితాలతో సహా ప్రయోగం ముగుస్తుంది.

ఇక గద్వాల. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ నడిగడ్డలో గట్టు అనే మండలముంది. పరిశోధకులకు, ప్రణాళికా రచయితలకు ఇంత ఇష్టమైన చోటు ఇంకోటి ఉండదు. అక్షరాస్యత మీద వ్యాసం రాయాలంటే గట్టు. వలసల మీద రాయాలంటే గట్టు. 2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాల వారీగా సర్దితే జోగులాంబ గద్వాల అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలో అట్టడుగు. ఆ జిల్లాలోనూ గట్టు మరీ కింద. 2023లో నీతి ఆయోగ్ దేశం మొత్తం మీద 500 ఆకాంక్షిత బ్లాకులను ఏరినప్పుడు అందులోనూ గట్టు ఉంది. వెనుకబాటును కొలవడంలో మాత్రం ఈ మండలం ఎన్నడూ వెనుకబడలేదు.

ఎండ విషయంలోనూ గట్టును మరిచిపోలేదు. 2014 చివర్లో కేంద్రం సౌర పార్కుల పథకం తెచ్చింది. ఆ జాబితాలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా గట్టుకు 500 మెగావాట్ల పార్కు రాసిపెట్టారు. కాగితం మీద పార్కు వెలిగింది, నేల మీద గొర్లు మేశాయి. తుంగభద్ర దాటి అవతల అప్పటి కర్నూలు జిల్లాలో మాత్రం గని, శకునాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017 నాటికే నిలబడింది. అదే ఎండ, అలాంటి నేలే. గట్టుకు దక్కింది జాబితాలో పేరు.

పార్కు వచ్చి ఉంటే గట్టు బాగుపడేదా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. కర్ణాటకలో ఉన్నా తెలుగు వినిపించే పావగడనే చూడండి. అక్కడ దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమిని కొనకుండా ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు ఖరారు చేశారు. వానను నమ్ముకుని వేరుసెనగ వేసి చేతులు కాల్చుకున్న పట్టాదారుకు అది చెడ్డ బేరం కాదు. మరి పట్టా లేని కూలీ సంగతి? ఆ చేలల్లో గొర్లు మేపుకునే మనిషి సంగతి? కౌలు కాగితంలో వాళ్లకు ఒక గడి కూడా లేదు. భూవినియోగ పటంలో ఆ నేల రంగు మారింది, అంతే. ఉపగ్రహం కంటికి గొర్రె ఆనదు. కాబట్టి పై నుంచి చూసి రాసే నివేదికల్లో పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా భూములన్నీ ఖాళీగానే ఉంటాయి.

నడిగడ్డలో పనికొచ్చే పరిశోధన జరగలేదని కాదు. దానికి రిబ్బన్ కత్తిరించేవాళ్లు దొరకలేదంతే. గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనానికి పెట్టింది పేరు. సీడ్ పత్తి చేలో క్రాసింగ్ యంత్రం చేసే పని కాదు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గలోంచి పుప్పొడి భాగాన్ని గోటితో గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. పువ్వు పువ్వుకూ ఇదే, వారాల తరబడి. చిన్న వేళ్లయితే పని చకచకా సాగుతుందని, కూలి తక్కువని పిల్లల్ని దించారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడి బెంచీలు ఎందుకు ఖాళీ అవుతాయో దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు చేలల్లో తిరిగి, తలలు లెక్కపెట్టి రాశారు. విత్తన కంపెనీలు రైతుకు కట్టే ధరకు, ఆ పిల్లల కూలికి ఉన్న ముడిని చూపించారు. బహుళజాతి కంపెనీలు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. విద్య, ఆర్థికం, భూవినియోగం మూడూ ఒకే చేలో కలిసిన పరిశోధన ఇది. అయినా నేటికీ గట్టు అక్షరాస్యత మీద వేసే కమిటీలకు బడి క్యాలెండరును పత్తి క్యాలెండరు పక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఆలస్యంగానే తడుతుంది.

ఇలాగే గుర్తింపు దొరకని తెలివి ఇంకోటి, వనపర్తి దగ్గరి సరళాసాగర్ జలాశయం. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి పేరిట కట్టించారు. 1949లో పునాది, 1959లో ప్రారంభం. నీళ్లు నిండగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుంటాయి. గేటు ఎత్తే మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, కుర్చీలో కూర్చుని మీట నొక్కే ఉద్యోగి అక్కర్లేదు. ఇంతకన్నా పచ్చని ఇంజనీరింగ్ ఏముంటుంది? కానీ దానికి 'హరిత' అన్న బిరుదు రాలేదు, ఎవరి పద్దులోనూ కార్బన్ పుణ్యం జమ కాలేదు. 2019 డిసెంబరు 31న ఏళ్ల తర్వాత నిండిన చెరువు మట్టికట్ట తెగింది. అప్పుడే పేపర్లలో మొదటి పేజీకి ఎక్కింది. సైఫన్లు అమర్చిన తెలివికి లేని గుర్తింపు, కట్టకు మట్టి పోయని నిర్లక్ష్యానికి దొరికింది.

అన్నిటికన్నా రుచికరమైన పచ్చదనం ఇథనాల్. ఈ జిల్లాల్లో దాని ప్రయాణాన్ని మొదటి నుంచీ చూడాలి. జూరాల దగ్గర కృష్ణమ్మ దిగితే ఎగువ జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240 మెగావాట్ల కరెంటు తయారవుతుంది. ఇంకాస్త కిందికి పోతే, అదే కృష్ణ నీళ్లను కల్వకుర్తి ఎత్తిపోతల కోసం ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు మెట్లుగా కరెంటు పెట్టి పైకి తోడతారు. ఆ నీళ్లతో వరి పండుతుంది. 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ వడ్లను మర ఆడించి, గోదాముల్లో దాచి, 2025 జనవరిలో ఇథనాల్ కంపెనీలకు బియ్యానికి పెట్టిన ధర క్వింటాలుకు 2,250. వడ్ల కన్నా బియ్యం చౌక! కరెంటుతో పైకెక్కిన నీళ్లు, యూరియా మింగిన పైరు, ఖజానా భరించిన నష్టం, అన్నీ కలిసి సీసాలో దిగితే దాని పేరు పునరుత్పాదక ఇంధనం.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపారు. తొందరలో ఉన్నవాళ్లకు జనాన్ని అడిగే తీరిక ఉండదు. అందుకే 2021లో పర్యావరణ మంత్రిత్వ శాఖ నిబంధనలు సవరించి, కలపడానికే ఇథనాల్ చేసే ఫ్యాక్టరీలను బీ2 వర్గంలో వేసింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అర్థం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఫ్యాక్టరీ సంగతి పొక్లెయిన్ చప్పుడును బట్టి తెలుస్తుంది.

గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో జరిగింది అదే. తుంగభద్ర ఒడ్డు మండలం. 2009 అక్టోబరు వరదలో రాజోలి కొట్టుకుపోయిన సంగతి అక్కడి చేనేత కుటుంబాలకు ఇంకా గుర్తే. ఫ్యాక్టరీ వ్యర్థాలు నీళ్లలో, పొలాల్లో కలుస్తాయని ఊళ్లు భయపడ్డాయి. 2025 జూన్ 4న జనం నిర్మాణ స్థలం మీదికి వెళ్లారు, టెంట్లు, వాహనాలు ధ్వంసమయ్యాయి. కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. అదే నెలలో రైతులను చేతికి బేడీలు వేసి అలంపూర్ కోర్టుకు తీసుకురావడం రాష్ట్రమంతా చూసింది. బేడీలు వేసినందుకు కొందరు పోలీసులను సస్పెండ్ చేశారు. ధ్వంసం చేయడం తప్పే. కానీ ముందే ఒక షామియానా వేసి, కలెక్టరు కుర్చీ వేసి, మైకు రైతు చేతికిస్తే ఖర్చు ఎంతయ్యేది? ఆ పూట ఖర్చును మిగుల్చుకున్నందుకు అయిన నష్టాన్ని ఏ ఆర్థికవేత్తా లెక్కగట్టలేదు.

ప్రభుత్వానికి నిజంగా పరిశోధన మీద మోజుంటే ఒక పని చేయొచ్చు. గట్టు మండలంలోని ఊళ్ల పేర్లన్నీ చీటీల మీద రాయించాలి. ఒక చీటీ తీయాలి. ఆ ఊరికి ముఖ్యమంత్రి రాకూడదు, కంపెనీ బాధ్యత కలగకూడదు. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు అందరికీ ఇచ్చే 78 వేల రూపాయల సబ్సిడీ మాత్రమే ఉండాలి. మిగతా డబ్బు బ్యాంకు ఇస్తుందో లేదో, రేకుల కప్పు బరువు మోస్తుందో లేదో, ఇన్వర్టర్ పాడైతే మెకానిక్ ఎన్నాళ్లకు వస్తాడో, మిగులు కరెంటు డబ్బు ఎప్పుడు పడుతుందో రెండేళ్లు చూసి, వచ్చిన ఫలితం చెడ్డదైనా సరే అచ్చేయాలి. ఆ తర్వాత కొండారెడ్డిపల్లితో పోల్చుకోవచ్చు. చీటీ తీయడానికి బడిపిల్లను పిలవాలనుకుంటే మాత్రం ముహూర్తం ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టకుండా ఉండటం మేలు. ఆ నెలల్లో పిల్ల దొరకడం కష్టం, క్రాసింగ్‌కు పోయి ఉంటుంది.