డేటా ఎర్రర్: టీకాతాత్పర్య సహితం

వీడియో క్యాసెట్టు వెళ్ళిపోయి పెన్‌డ్రైవు ఇంకా రాని నడిమికాలంలో గోదావరి జిల్లాల్లో జరిగిన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ 12 సెంటీమీటర్ల బిళ్ళల మీదికెక్కి, బీరువాల్లో పట్టుచీరల కింద పడుకున్నాయి. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం స్టూడియోలవాళ్ళు మిక్సింగ్ చేసి, మధ్యమధ్య సినిమాపాటలు అతికించి, పైన వధూవరుల ఫొటో స్టిక్కరు వేసి ఇచ్చిన వీసీడీలు అవి, కొన్నాళ్ళకు డీవీడీలు. ఇప్పుడు బిళ్ళ పెట్టుకునే అర లేని లాప్‌టాప్‌లు వచ్చేశాయి కనుక, అమెరికాలో ఉన్న పిల్లలు అడుగుతున్నారు కనుక, పాత కంప్యూటర్ మూలపడకముందే వాటిని అందులోకి ఎక్కించాలన్న సత్సంకల్పం ఇంటింటా పుట్టింది. ఆ సంకల్పానికి విఘ్నంగా తెరమీద ప్రత్యక్షమయ్యే ఒకానొక వాక్యం ఈ వ్యాఖ్యకు మూలం. కాపీ అవుతున్న ఆకుపచ్చ గీత సాగి సాగి చివరిదాకా వచ్చి నిలబడిపోయాక అది ఇలా పలుకుతుంది: "డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్." విండోస్ సంప్రదాయంలో ఇది 23వ దోషం. ఛందస్సు లేదు, యతి లేదు, కర్త కూడా లేడు. కర్త లేకపోవడం వల్లనే నింద ఎవరిమీద పడాలో తెలియక అది కంప్యూటర్ మీద, వైరస్ మీద, హార్డ్ డిస్కు మీద, ఆఖరికి కాపీ చేస్తున్న అబ్బాయి మీద పడుతోంది. ఈ టీక ఆ నిందను పడవలసినచోట పడవేయడానికి బయలుదేరింది.

ముందు ప్రతిపదార్థం. డేటా, అనగా బిళ్ళ మీది సమాచారం. ఎర్రర్, అనగా తప్పు. చెక్, అనగా సరిచూచుట. రిడండెన్సీ, అనగా అసలు విషయానికి అవసరం లేకపోయినా సరిచూచుట కోసమే అదనంగా రాసిపెట్టిన అంకెలు. సైక్లిక్ అనేది ఆ అంకెలను పుట్టించే గణితపద్ధతికి విశేషణం. వెస్లీ పీటర్సన్ అనే అమెరికన్ గణితజ్ఞుడు 1961లో చెప్పింది. సమాచారాన్నంతా ఒక పెద్ద సంఖ్యలా పట్టుకొని, ముందే అనుకున్న భాజకంతో భాగించి, వచ్చిన శేషాన్ని పక్కన రాసి ఉంచుతారు. తర్వాత ఎప్పుడు చదివినా మళ్ళీ భాగించి, ఈ శేషమూ ఆ శేషమూ ఒకటేనా అని చూస్తారు. కాకపోతే చదివింది తప్పు. ఇక అన్వయం. ఈ పని చేసేదెవరు? చదివేవాడు. ఎప్పుడు? చదువుతున్నప్పుడు. డ్రైవు ఎన్నోసార్లు ప్రయత్నించి, ఇక నావల్ల కాదని చేతులెత్తేసినప్పుడు విండోస్ ఆ మాటను ఈ బిరుదునామంతో ప్రకటిస్తుంది. మొత్తం వాక్యంలో రాయడం అన్న క్రియ ఎక్కడా లేదు. కాపీలో రెండు పనులున్నాయి, చదవడం ఒకటి, రాయడం ఒకటి. జనం రెండోదాన్ని పట్టుకొని హార్డ్ డిస్కు ఫార్మాట్ చేయిస్తున్నారు, విండోస్ మళ్ళీ ఎక్కిస్తున్నారు. దోషం బిళ్ళకూ లేజర్ కన్నుకూ మధ్యన ఉంది. ఇదే సిద్ధాంతం. దీనిమీద వచ్చే శంకలు గట్టివే కాబట్టి ఒక్కొక్కటీ తీర్చాలి.

మొదటి పూర్వపక్షి కోనసీమవారు. "ఆయ్, ఇదే బిళ్ళ టీవీ కింద ప్లేయర్లో పెడితే శుబ్బరంగా ఆడుతుందండి. మరి బిళ్ళలో లోపమెలా ఉంటుందండి?" బలమైన ప్రత్యక్షప్రమాణం, తోసెయ్యడానికి వీల్లేదు. దీనికి సమాధానం లెక్కలో ఉంది. మామూలు వేగంతో తిరిగే సీడీ నుంచి సెకనుకు 75 సెక్టార్లు, అనగా రాతముక్కలు, వస్తాయి. 74 నిమిషాల బిళ్ళకు మొత్తం 3,33,000 సెక్టార్లు. అందులో ఒక్కటి చదవడానికి లొంగకపోతే ప్లేయరుకు పోయేది సెకనులో 75వ వంతు. తెరమీద అర సెకను గళ్ళుగళ్ళుగా కనిపించి సర్దుకుంటుంది. పెళ్ళికొడుకు ముఖం చెదిరి మళ్ళీ అతుక్కునేలోపల చూసేవాళ్ళు బంధువుల చీరల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. దాన్ని అడిగింది చూపించమని కాదు, ఉన్నదున్నట్టు రాయమని. 3,33,000లో ఒక్కటి తేలకపోయినా అది పని ఆపేసి, అంతవరకు రాసినదాన్ని కూడా చెరిపేస్తుంది. దీనికి తోడు వీసీడీ పుట్టుకలోనే ఒక పొదుపు ఉంది. సీడీలో ప్రతి సెక్టారూ 2352 బైట్లు. మామూలు డేటా సీడీలో వాటిలో 2048 మాత్రమే అసలు విషయం. తక్కినవి ఎక్కువభాగం తప్పులు పట్టుకోవడానికి, దిద్దుకోవడానికి. 1993 నాటి వీసీడీ నిబంధనలు రాసినవాళ్ళు, బొమ్మలో చిన్న మచ్చ ఎవరికీ పట్టదులే అని, ఆ దిద్దుబాటు చోటును కూడా బొమ్మకే ఇచ్చి 2324 బైట్లు నింపారు. ప్లేయరులో ఆడించడం కోసం చేసిన బిళ్ళను ప్రతి తీసుకోబోతే మొరాయించడంలో వింత లేదు.

ఇక్కడ కాస్త ఆగి మన లేఖకులను తలుచుకోవాలి. తాటాకు ప్రతులు రాసినవాళ్ళు గ్రంథం చివర ఒక విన్నపం చేసుకునేవారు: ఎదుటి పుస్తకంలో ఎలా కనిపించిందో అలాగే రాశాను, తప్పొప్పులు నావి కావు అని. వీరిలో రెండు జాతులు. ఆకు చిల్లిపడినచోట ఖాళీ వదిలేసి పోయేవాడు ఒకడు. తనకు తోచిన మాట పెట్టి, గణాలు సరిపెట్టి, ఏమీ ఎరగనట్టు పోయేవాడు మరొకడు. టీవీ ప్లేయరు ఈ రెండోవాడి శిష్యుడు. కంప్యూటర్ మాత్రం మల్లినాథసూరి శిష్యుడు. మూలంలో లేనిది ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ చేసిన కొలచాల పండితుని నియమమే దానిది. చూసి ఆనందించడానికి ప్లేయరు పద్ధతి చెడ్డదనడం కుదరదు. వినోదానికి ప్లేయరే మంచిది. భద్రపరచడానికి మాత్రం చిల్లిని చిల్లి అని చెప్పేవాడే కావాలి. కనుక మొదటి పూర్వపక్షంలోని ప్రత్యక్షం నిజమే గాని, దానివల్ల తేలేది ప్లేయరు ఔదార్యం. బిళ్ళ ఆరోగ్యం తేలదు.

రెండో శంక: "తొంభై ఎనిమిది శాతం కాపీ అయ్యిందంటే బిళ్ళ బావున్నట్టే కదా, చివర్లో ఆగడం కంప్యూటర్ అలసట వల్ల." అలసటట! బిళ్ళ మీది రాత లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోతుంది. మధ్యలో 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై అంచున 58 దగ్గర ముగుస్తుంది. నిండా రాసిన బిళ్ళలో స్నాతకం, కాశీయాత్ర లోపల పదిలంగా ఉంటాయి. అప్పగింతలు అంచున ఉంటాయి. వేళ్ళు తగిలేది అంచుకే. పసుపు, గంధం, లడ్డూ జిడ్డు అంటేది అంచుకే. పల్లానికి వంగిన బిళ్ళ ఎక్కువ ఊగేదీ అంచే. దీనిమీద మరొకటి: ఇప్పటి డ్రైవులు ఒకే చుట్టువేగంతో తిప్పుతాయి కాబట్టి, లోపలికంటే అంచు దగ్గర లేజర్ కింద రాత రెండింతలకు పైగా జోరుగా పరుగెత్తుతుంది. మురికి ఎక్కువ, ఊపు ఎక్కువ, వేగం ఎక్కువ. మూడూ చేరేచోటే ప్రతి ఆగుతోంది. పెళ్ళికూతురు ఏడుపు మొదలవగానే కంప్యూటర్ నిలిచిపోతోందని కొందరు దాని సున్నితహృదయానికి మెచ్చుకుంటారు గాని, శాస్త్రం దాన్ని సమర్థించదు.

మూడో శంక తర్కశాస్త్రం చదివినవారిది, అసలు గట్టిది ఇదే. "ఇదే బిళ్ళ పక్కింటి కంప్యూటర్‌లో కాపీ అయ్యింది. బిళ్ళ ఒకటే, ఫలం వేరు. కనుక దోషం కంప్యూటర్‌దే." ఇది అన్వయవ్యతిరేక న్యాయం, దాన్ని సగంలో వదిలేయకుండా చివరిదాకా వాడుదాం. మారింది కంప్యూటర్ మొత్తం కాదు, అందులో చదివే భాగం. లేజర్ కన్ను మీద దుమ్ము పేరుకున్నా, ఏళ్ళ వాడకంతో దాని కాంతి తగ్గినా, బాగున్న బిళ్ళలు చదువుతుంది, మసకబారిన బిళ్ళల దగ్గర తడబడుతుంది. ఒకే బిళ్ళ ఎన్నిసార్లు పెట్టినా ఒకేచోట ఆగితే దోషం బిళ్ళది. ఆగే చోటు ప్రతిసారీ మారుతుంటే దోషం కన్నుది. ఏ బిళ్ళ పెట్టినా ఆగుతుంటే సందేహమే లేదు, కన్ను. పక్కింటి డ్రైవు గెలవడం వల్ల మన సిద్ధాంతం ఓడలేదు. లోపం చదువుదేనని మరింత బలపడింది.

ఇక చికిత్స. మెత్తటి నూలుగుడ్డను నీటితో తడిపి మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. ఇది ఆచారం కాదు, హేతువుంది. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు చెప్పిన గణితం ఆధారంగా సీడీ తన తప్పులను తానే దిద్దుకుంటుంది; రాత వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా కూడగట్టుకోగలదు. నిలువుగా గీత పడితే అది ఒక్కో చుట్టును ఒక్కచోట సన్నగా దాటిపోతుంది, దిద్దుబాటుకు లొంగుతుంది. గుండ్రంగా పడితే ఒకే చుట్టు వెంబడి సెంటీమీటర్ల కొద్దీ పోతుంది, అక్కడ ఏ గణితమూ చాలదు. మెరిసే వైపు గీతలు పడితే టూత్‌పేస్టు రాయడం ఊరూరా ఉన్న వైద్యం. పైపై గీతలను అది నిజంగానే అరగదీసి నునుపు చేస్తుంది. కాని జనం మెరిసే వైపు మీద చూపే శ్రద్ధ స్టిక్కరు వైపు మీద చూపరు, ప్రమాదమంతా అక్కడుంది. సీడీలో రాత అంతా పైవైపు, పల్చటి లక్కపూత కిందనే ఉంటుంది, కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపాడుతుంది, పైన కాపాడేది ఆ పూత ఒక్కటే. డెల్టా ఉక్కకు సగం ఊడిన వధూవరుల స్టిక్కరును అందం కోసం పూర్తిగా పీకితే, దానితోపాటు వెండిపొర లేచివస్తుంది. పెళ్ళి కాగితానికి అంటుకుపోతుంది. డీవీడీ ఈ విషయంలో నయం, రాత రెండు 0.6 మిల్లీమీటర్ల పొరల నడుమ ఉంటుంది. వరదలో మునిగిన లంకగ్రామాల బిళ్ళలను ఒండ్రు ఆరకముందే మంచినీళ్ళలో కడగాలి, ఆరాక రుద్దితే ఆ ఇసుకే ఉప్పుకాగితం. ఉష్ణదేశాల తేమకు బిళ్ళకూ శిలీంధ్రం పడుతుందని 2001లో స్పెయిన్ పరిశోధకులు మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన సీడీలో చూపించారు. మన తేమా తక్కువదేం కాదు.

తుడిచినా లొంగనివాటికి వేగం తగ్గించి చదివించాలి. అదీ కాకపోతే డీవీడీలకు డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనాలున్నాయి. అది విండోస్ మాదిరి ఒక్క చిల్లికే అలిగి కూర్చోదు; చదవగలిగినదంతా ముందు రాసేసుకొని, చదవలేనిచోట్లకు గుర్తులు పెట్టుకొని, తర్వాత తీరిగ్గా వాటి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఆ గుర్తుల పట్టీ ఉంది కనుక మిగిలిన చిల్లులను వేరే డ్రైవుతోనూ చదివించవచ్చు, అదే బిళ్ళకు ఉన్న మరో ప్రతితోనూ పూరించవచ్చు. రాజమండ్రిలోనూ కొంతకాలం కొలువు చేసిన సి.పి. బ్రౌన్ మన కావ్యాలకు చేసిన పని ఇదే. ఒక్క తాటాకు ప్రతిని నమ్మకుండా ఊళ్ళమీద నుంచి పది ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒకదాని చిల్లి మరొకదానితో పూడ్పించాడు. పెళ్ళి బిళ్ళకు ఆ సౌకర్యం స్వతహాగా ఉంది: ఒక ప్రతి పెళ్ళికూతురివారింట, ఒకటి పెళ్ళికొడుకువారింట. స్టూడియో ఒకే మాస్టర్ నుంచి రెండూ కొట్టి ఉంటే, రెండింటా ఒకే సెక్టారు పాడైవుండే అవకాశం బహు స్వల్పం. వియ్యాలవారి మధ్య మాటలు నడుస్తుంటేనే ఈ పరిష్కృత ప్రతి సాధ్యమన్నది ఈ శాస్త్రానికి ఉన్న ఒకే ఒక లౌకికమైన అడ్డంకి.

పాఠాంతరాలు కూడా చూడాలి. వీసీడీలోని ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డరు నుంచి డాట్ ఫైలును లాగుతున్నప్పుడు "ఇన్‌వేలిడ్ ఎం.ఎస్.డాస్ ఫంక్షన్" అనే పాఠం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది వేరే దోషమని భ్రమపడి పాతకాలపు డాస్ కోసం వెతకనక్కర్లేదు. సాధారణంగా అదే చదువు లోపానికి అదొక మారుపేరు. బజారులో కొన్న సినిమా డీవీడీ కాపీ కాకపోవడం మాత్రం దీని కిందికి రాదు. దానికి నిర్మాతలు కావాలని తాళం వేశారు, ప్రాంతసంఖ్య కూడా ఇచ్చారు, మనది 5. తాళాన్ని రోగమనుకొని వైద్యం చేయకూడదు.

న్యాయంగా ఒప్పుకోవలసిన అపవాదం ఒకటి ఉంది. బిళ్ళ నుంచి చదవడం చక్కగా ముగిసి, డీవీడీ అంతా ఒకే ఇమేజి ఫైలుగా హార్డ్ డిస్కులోకి వచ్చాక, పంపడానికి దాన్ని 32 జీబీ పెన్‌డ్రైవులో పెడితే ఫైలు మరీ పెద్దదంటుంది. పెన్‌డ్రైవు చూస్తే ఖాళీ. ఇది నికరంగా రాత దోషమే. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. నిండు డీవీడీ ఇమేజి 4.37 జీబీ. ఇక్కడ బిళ్ళను తుడిచినా, కన్నును తుడిచినా ఫలం లేదు. పెన్‌డ్రైవులో ఉన్నవి ముందు వేరేచోట పెట్టుకొని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయాలి.