ఆక్సిజన్‌ను చేజార్చుకోని నేను

నా పేరు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. కరీంనగర్‌లో టవర్ సర్కిల్, మంచిర్యాల చౌరస్తా చుట్టూ తిరిగే ఒక ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీలో, అల్యూమినియం రేకుకు అంటుకుని ఉన్న నల్లటి పొడిని. నన్ను కేథోడ్ అంటారు. బండి నడుస్తుంటే లిథియం అయాన్లు నాలోకి వచ్చి చేరతాయి. చార్జింగ్ పెడితే నన్ను ఖాళీ చేసి పోతాయి.

అలా ఖాళీ అయినప్పుడే అసలు పరీక్ష. నికెల్, కోబాల్ట్ ఉన్న నా దాయాదులు ఆ స్థితిలో మరీ వేడెక్కితే తమలోని ఆక్సిజన్‌ను వదిలేస్తారు. మంటకు అదే ఆజ్యం. నాలో ప్రతి ఆక్సిజన్‌నూ ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. లిథియమంతా వెళ్లిపోయినా నా ఘనపరిమాణం దాదాపు ఏడు శాతమే తగ్గుతుంది, చట్రం చెదరదు.

టెక్సాస్‌లో శాస్త్రవేత్త గుడెనఫ్ బృందం, అందులోని మన దేశం వాళ్లు పాఢీ, నంజుండస్వామి, 1997లో నా సంగతి లోకానికి చెప్పారు. అప్పట్లో కరెంటు నాలోంచి సరిగా పారేది కాదు. రేణువుల్ని సన్నగా చేసి, ఒక్కోదానికీ పలుచని కార్బన్ పూత పట్టించాకే పనికొచ్చాను. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నన్ను తయారుచేసేటప్పుడే ఆ పూత కూడా పట్టే పద్ధతిని రూపొందించారు. దిగుమతి పొడి మీద ఆధారపడే దేశానికి అది చిన్న విషయం కాదు.

మొన్న మేలో ఒక పెద్దమ్మ ఎక్కుతూనే అడిగింది: "ఇంత ఎండకు ఇది పేలదా కొడుకా?"

"పేలదు పెద్దమ్మా. గని వేడి మీద చార్జింగ్ వెడితె జల్ది ఖరాబైతది. జర సల్లవడ్డంక వెడ్త."

మా డ్రైవరన్న మాట నిజం. నా చుట్టూ ఉన్న ద్రవంలో చుక్క తేమ మిగిలినా ఆమ్లం పుడుతుంది. ఎండ వేడికి అది జోరందుకుని నా ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన ఇనుము అవతలి ఎలక్ట్రోడైన గ్రాఫైట్ మీద చేరి బ్యాటరీ ఆయువు తినేస్తుంది. ఆదిలాబాద్ చలిది ఇంకో తీరు: అక్కడ డిసెంబర్ పొద్దుటి పూట నాలో లిథియం నడక మందగిస్తుంది.

ఇప్పుడు ప్రయోగశాలల్లో నా ఇనుములో కొంత తీసి మాంగనీస్ చేరుస్తున్నారు. ఇనుము దగ్గర సుమారు 3.4 వోల్టులు వస్తే, మాంగనీస్ దగ్గర 4.1 వస్తాయి. అంటే అదే బరువుకు బండి ఇంకొంత దూరం పోతుంది. కానీ వేడికి మాంగనీస్ కరిగే గుణం ఇంకా ఎక్కువ. అందుకే ఆ కొత్త పొడిని ఏసీ గదుల్లో పరీక్షించి ఊరుకోకుండా, రామగుండం ఎండలో ఒక వేసవంతా తిప్పి చూడాలని నా కోరిక.