గోడకొక కడియము: పురపాలక కమిషనరుగారికి బహిరంగ లేఖ

మహారాజ రాజశ్రీ మా పట్టణ పురపాలక సంఘపు కమిషనరుగారి సముఖమునకు నమస్కారపూర్వకముగా వ్రాసికొను విన్నపము.

అయ్యా,

తమ యేలుబడిలోని గోడలను గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిని. గోడలనగానే ఆక్రమణల తొలగింపో, అనుమతి లేని మూడవ అంతస్తో అయియుండునని తాము తలంపవలదు. నిలిచియున్న గోడను పడగొట్టుడని గాని, పడిపోయిన గోడను నిలువబెట్టుడని గాని అడుగువాడను కాను. ఆ గోడలకు అరచేతి వెడల్పు గల ఉక్కు కడియములను కొన్నింటిని, సైకిలు మొదలగు చరాస్తులను గొలుసుతో బంధించుకొనుటకు వీలగునట్లు, బిగింపించి పుణ్యము కట్టుకొనుడని మాత్రమే నా ప్రార్థన. రైతుబజారు ప్రహరీ, ప్రభుత్వాసుపత్రి గోడ, శాఖా గ్రంథాలయపు గోడ, తమ కార్యాలయపు గోడ, అన్నియును గోడపత్రికలు అంటింపరాదనియు, వాహనములు నిలుపరాదనియు, చెప్పుటకు నోరురాని మరియొక కార్యము చేయరాదనియు పౌరునకు నీతులు బోధించుచునే యున్నవి. ఆ బోధలో చూపు శ్రద్ధలో వీసమెత్తైనను తమను నమ్మి యానుకొనిన సైకిలును పట్టి యుంచుటయందు చూపకున్నవి.

ఈ విన్నపమునకు ప్రేరణమేమని తామడుగుదురు గనుక చెప్పెదను. ఇంటిపన్ను చెల్లించుటకై ఒకానొక కార్యాలయమునకు బోయి (ఏ కార్యాలయమో చెప్పుట మర్యాద కాదు), నా సైకిలును దాని గోడకు జేర్చి, వెనుక చక్రమునకు తాళము వేసి లోనికేగితిని. అచ్చట కిటికీకడ సంతకములకై యుంచిన బాల్‌పెన్ను పురికొసతో బల్లకు కట్టబడియుండెను. ఆ పురికొస యెంత కురుచయనగా, సంతకము చేయువాడు గుమాస్తాగారికి సాష్టాంగమునకు ఒక్క మెట్టు తక్కువగా వంగవలసి వచ్చెను. మూలనున్న మంచినీళ్ల డ్రమ్ము మీది స్టీలు గ్లాసుకు అంచున చిల్లు పొడిచి గొలుసు తగిలించియుండిరి. నాలుగు రూపాయల కలమును, నలువది రూపాయల గ్లాసును ఇంత జాగరూకతతో కాపాడుకొను సంస్థవారి గోడ చెంత, ఐదువేలకు రెండువందలు తక్కువ వెలగల నా సైకిలు నిశ్చింతగా నుండునని నమ్మి, రసీదు పుచ్చుకొని బయటికి వచ్చి చూతును గదా, సైకిలు లేదు. తాళము వేసిన చక్రము తిరుగదన్న మాట నిజమే. కాని సుమారు ఇరువది కిలోల బరువును భుజమున వేసికొని పోగలవానికి చక్రము తిరిగిననేమి, తిరుగకున్ననేమి?

అచ్చట కెమెరా యున్నది గదా యందురేమో. ఉన్నది. అందులో నా సైకిలు సగౌరవముగా ఒకని భుజమెక్కి వీథి మలుపు తిరుగుట చక్కగా చిత్రితమైనది. మోసికొనిపోయినవాని ముఖమునకు తువ్వాలు చుట్టియుండుటచే సైకిలును మాత్రమే గుర్తింపగలిగితిమి. అది నాదేయని నేను ముందే యెరుగుదును.

ఇక న్యాయశాస్త్రము. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ననుసరించి, 5,000 రూపాయలకు లోబడిన వస్తువు నపహరించి మొదటిసారి శిక్షకు పాత్రుడైనవాడు ఆ వస్తువునో దాని వెలనో తిరిగి యిచ్చివేసినచో అతనికి విధింపవలసిన శిక్ష సమాజసేవ. అంతియ గాక, ఇట్టి స్వల్ప చౌర్యమును మేజిస్ట్రేటుగారి యుత్తరువు లేనిదే పోలీసువారు దర్యాప్తు చేయజాలరు. మొదటి తప్పు చేసిన పేదవానిని చెరసాలకు పంపక చెట్లకు నీళ్లు పోయించుట మంచిదే, ఆ కరుణను నేను తప్పుపట్టను. అయితే ఐదువేలకు లోబడిన సైకిలు ఎవ్వరిది? పాలు పోయువానిది, రాత్రి కాపలావానిది, తెల్లవారుజామున పత్రికలు వేయు కుఱ్ఱవానిది, మేస్త్రీ క్రింద పనిచేయు కూలిది. లక్ష రూపాయల మోటారుసైకిలు పోయినచో చట్టము తనంతట తానే దొంగవెంట పరుగిడవలెను. పాత సైకిలు పోయినవాడు చట్టమును వెదకికొనుచు కోర్టుదాక పోవలెను, అదియును కాలినడకనే, సైకిలు లేదు గనుక. ఒకనాటి కూలి పోగొట్టుకొని, వకీలుకు ఫీజిచ్చి, నాలుగువేల వస్తువునకై ఉత్తరువు సంపాదించు పాలవాని నెవరైనను చూచిరా? ఐదువేలలోపు ఆస్తి గలవానికి దొంగను పట్టుకొను చట్టము కంటె వస్తువును పట్టుకొను గోడయే యెక్కువ యవసరము.

పూర్వపు ప్రభువులకు ఈ విషయమున తప్పించుకొను దారి లేకుండెను. దొంగలెత్తుకొనిపోయిన ధనమును రాజు తన ప్రజలకు తిరిగి యీయవలెనని యాజ్ఞవల్క్య స్మృతి శాసించుచున్నది. రాబట్టలేనిచో తన సొంత ధనమునుండియే చెల్లింపవలెనని కౌటిల్యుడును చెప్పియున్నాడు. ఆ ధర్మమును నేడు తమమీద ప్రయోగించినచో తమ బడ్జెటు గతి యేమగునో నేనెరుగనివాడను కాను. వీథులలోని డ్రైనేజీ ఇనుపమూతలనే దొంగలు పాత యినుప కొట్టునకు తరలించుచుండగా, కాంక్రీటు మూతలు వేసికొని తమ యాస్తిని తాము కాపాడుకొనుటకు నానా యగచాట్లు పడుచున్న పురపాలక సంఘములమీద అంత భారము మోపుట న్యాయము కాదు. అందుచే యాజ్ఞవల్క్యుని వదలి రైలువారి మాట యెత్తెదను.

రైలుపెట్టెలో దిగువ బెర్తు క్రింద చేయిపెట్టి తడవినచో ఉక్కుతీగ ఉంగరములు తగులును. ప్లాట్‌ఫారము మీద ‘గొలుసులు, తాళాలు’ అని కేకవేయుచు పోవువాని యొద్ద ప్రయాణికుడొక గొలుసు కొని, పెట్టె పిడిలోనుండి ఆ యుంగరములోనికి దూర్చి, తాళము వేసి, తాళపుచెవిని మొలత్రాటికి ముడివేసికొని, విజయవాడ యెప్పుడు దాటినదో తెలియకుండ నిద్రపోవును. ఉంగరము రైలువారిది, గొలుసు ప్రయాణికునిది. ఎవరి పాలు వారిది. ఒక్క రాత్రి అతిథికి వారు చేసిన మర్యాదను, ఏటేటా పన్ను కట్టు ఇంటివానికి తాము చేయలేదనియే నా యభియోగము.

కడియము లేని పట్టణమున జనులేమి చేయుచున్నారో తాము ఒక సాయంకాలము కారు దిగి చూచిన తెలియును. ఇడ్లీబండివాడు రాత్రి వ్యాపారము ముగియగానే తోపుడుబండి చక్రమును కరెంటు స్తంభమునకు గొలుసుతో బిగించి పోవును. వానకాలమున ఆ యినుప స్తంభమునకు విద్యుత్తు ప్రాకిననాడు బండి భద్రముగానే యుండును, బండివాని మాట చెప్పలేము. పురపాలక సంఘమువారు మొక్కల చుట్టు పాతించిన ఇనుప కంచెలను సైకిళ్లవారు శరణుజొచ్చెదరు. ఆ కంచెలు లోతుగా పాతినవి కావు గనుక దొంగ గట్టిగా ఎత్తినచో మొక్క తప్ప సర్వమును వచ్చును. అద్దెయిండ్లలో వరండాలోని నీటి మోటారును, గ్యాసు సిలిండరును కిటికీ చువ్వకు కట్టుకొనువారిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

కడియమును బిగించుట సులభమే యని తోచును గాని, ఈ పనిని మూడు కొటేషన్లు పిలిచి తక్కువ ధరకు పాడినవానికి అప్పగించినచో అది గోడకు పెట్టిన ముక్కుపుడక యగునే గాని మరియేమియు కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడను చోరుడు చారుదత్తుని యింటికి కన్నము వేయబోవుచు, నిత్యము నీరుపడి మెత్తబడిన చోటేది, చౌడెక్కి పొడియగుచున్న యిటుక యేది యని గోడను తడవి తడవి పరీక్షించును. కాల్చిన యిటుకలైనచో ఊడలాగవలెననియు, పచ్చి యిటుకలైనచో కోయవలెననియు, మట్టిగోడయైనచో తడుపవలెననియు శాస్త్రమును నెమరువేసికొనును. కొలత్రాడు మరచి వచ్చినందున జందెముతోనే కొలత తీయును. తమ ఇంజనీర్లు ఆ నాటకపు మూడవ యంకమును ఒకసారి చదువుట మేలు. శర్విలకుడు కన్నమునకు ఏ చోటును మెచ్చునో ఆ చోట కడియమును బిగింపరాదు. కాంక్రీటు స్తంభముగాని దూలముగాని దొరికినచో అంతకంటె ఉత్తమ స్థానము లేదు. ఇటుక గోడయైనచో రంధ్రమును ఇటుక నడుమ తొలువవలెను, రెండిటుకల నడిమి సిమెంటు సందులో గాని గోడయంచున గాని కాదు. బోల్టు బిగించినకొలది దాని చుట్టునున్న గొట్టము విచ్చుకొని సందును చీల్చివేయును. బోలు ఇటుకల గోడను ఆశపడనే కూడదు. తొలిచిన రంధ్రములోని ధూళిని పూర్తిగా ఊదివేయనిదే యాంకర్ బోల్టు పట్టు నిలువదు. మన గుత్తేదారులు ఎగవేయు పని సరిగా ఇదియే, ఏలయనగా ధూళి బయటికి కనబడదు, బిల్లులోను కనబడదు. బోల్టు తల బయటికుండి స్పానరుకు లొంగునదైనచో దొంగకు పది నిమిషముల పని. కావున తలలోని గుంటయందు ఉక్కుగుండు నొకదానిని సుత్తితో దిగగొట్టి, ఇక ఏ పనిముట్టును అందు దూరకుండ చేయవలెను. కడియము మోకాలి యెత్తునకు తగ్గరాదు. గొలుసు నేలకు వ్రేలాడినచో దొంగ దానిని నేలమీద పరచి సుత్తితో మోదగలడు, లేదా గొలుసును కోయు కత్తెర పిడి నొకదానిని నేలకానించి, రెండవదానిమీద దేహభారమంతయు మోపగలడు. గాలిలో బిగుతుగా నున్న గొలుసుతో అతనికి ఇంత సుఖము లేదు. పౌరులకు చెప్పవలసినది ఒక్కటి మాత్రము తాము బోర్డుమీద వ్రాయింపవచ్చును: గొలుసును చక్రములోనుండి మాత్రమే గాక చట్రములోనుండి త్రిప్పవలెను. లేకున్న చక్రము గోడకును, తక్కిన సైకిలు దొంగకును దక్కును.

గోడలో మరను నిలుపు బిరడా ఒక మ్యూజియము గోడలో పుట్టినదని ప్రసిద్ధి. 1911 ప్రాంతమున జాన్ రాలింగ్స్ అను గుత్తేదారు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున విద్యుత్ పరికరములను గోడలు చెడకుండ బిగింపవలసి వచ్చి, జనపనారతో చేసిన బిరడాను కనిపెట్టెనట. మన అమరావతి స్తూప శిల్పములలో అనేకము 1880 నుండి ఆ మ్యూజియముననే యున్నవి. అచ్చటి బిగింపు ఎంతటి దృఢమైనదో వేరుగా చెప్పనేల? వానిలో ఒక్కటియు ఇంతవరకు ఊడి కృష్ణాతీరమునకు రాలేదు.

వితోరియో దె సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ చిత్రమును తాము చూచియుందురు. గోడపత్రికలంటించు ఉద్యోగమునకు సైకిలున్నవాడే కావలెనన్నారు. ఆ రోము నగరపు పేదవాడు నిచ్చెనయెక్కి ఒక సినీతార బొమ్మను గోడకు సవరించుచుండగా, చెంతనున్న సైకిలును దొంగ యెక్కి పోయెను. కాగితపు తారను నిలుపుటకు జిగురున్నది గాని, కుటుంబమును నిలుపు సైకిలును పట్టుకొనుటకు ఆ గోడకు కడియము లేకపోయెను. కడియమే యున్నచో ఆ మహాచిత్రము మొదట్లోనే ముగిసియుండునని రసికులు నొచ్చుకొనవచ్చును. ప్రజాక్షేమము కొరకు కళకు ఆ మాత్రము నష్టమును సహింపక తప్పదు.

ఒకప్పుడు పురపాలక సంఘములవారు సైకిలుకు సాలుసరి పన్ను గైకొని రేకు బిళ్ల నొసగెడివారు. బిళ్ల లేనివానిని, రాత్రి దీపము లేనివానిని నిలబెట్టి జరిమానా వేసెడివారు. ఆ పన్నును తిట్టుకొననివాడు లేడు, నేనును తిట్టుకొంటిని. కాని సైకిలనునది యొకటి లోకమున కలదని అధికారులెరిగిన కాలమది. నేడు తమ కార్యాలయములో కార్లకు రేకుల షెడ్డున్నది, స్కూటర్లకు తెల్లగీతలున్నవి. సైకిలుకు గోడనీడ మాత్రమున్నది, అదియును మధ్యాహ్నమునకు పోవును.

కావున దీనికొక పథకము ప్రకటింపవలదని ప్రార్థన. పథకమన్న పేరు పెట్టవలసివచ్చును, పేరు తేలునప్పటికి ఆర్థిక సంవత్సరము తీరిపోవును. మొదట రైతుబజారు ప్రహరీకి, ఆసుపత్రిలో ఔట్‌పేషెంటు విభాగపు గోడకు, గ్రంథాలయపు మెట్ల ప్రక్కను, పన్ను కట్టు కిటికీకి ఎదుటను కడియములను బిగింపింపుడు. గొలుసును, తాళమును మేము తెచ్చుకొందుము. ప్రారంభోత్సవము తప్పదని పెద్దలు పట్టుపట్టినచో, వారి పేర్లు చెక్కించిన ఇత్తడి ఫలకమును కూడ కాంక్రీటులోనే దింపి, దాని బోల్టు తలలలోను ఉక్కుగుండ్లు దిగగొట్టింపుడు. పాత సామానుల కొట్టులో ఇత్తడికి ఇనుముకంటె వెల హెచ్చు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇంటిపన్ను బకాయి లేనివాడును, ప్రస్తుతము పాదచారియును అగు ఒక పౌరుడు.