పగడాల దిబ్బకు నాలుగు షరతులు

సెలవొస్తే చాలు, బెజవాడ మనిషికి నీళ్లు చూడాలనిపిస్తుంది. కృష్ణ నీళ్లు కాదు, అవి రోజూ కనిపించేవే. చూడాల్సిన నీళ్లు నీలంగా ఉండాలి, అడుగున పగడపు దిబ్బలుండాలి, పాస్‌పోర్టు మీద ముద్ర పడాలి. మా బావగారు ఈమధ్యే ఆ ముద్ర వేయించుకొచ్చారు. పట్టాయా ప్యాకేజీలో ఒకరోజు కోరల్ ఐలాండ్: పొద్దున్నే స్పీడ్‌బోటు, దారిలో పారాసెయిలింగ్, మధ్యాహ్నం ఇండియన్ బఫే.

"పగడాలెలా ఉన్నాయి బావగారూ?"

"ఎక్కడోయ్! పప్పుచారు అయిపోతోందని గైడు తొందరపెట్టాడు."

ఆయన కోపమంతా ప్రభుత్వం మీద. 2024 నవంబరు 9న బెజవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగరేసినవాళ్లు మంగినపూడి తీరంలో నాలుగు పగడాలు మొలిపించలేరా అని.

నిజానికి పని సగం పైగా అయిపోయింది. పగడపు జీవి పెట్టే షరతులు నాలుగే.

మొదటిది ఉప్పునీరు. వరద రోజులు పోతే ప్రకాశం బ్యారేజీ దాటి కృష్ణ సముద్రానికి పంపేది అంతంతమాత్రం. మర్యాద తెలిసిన సముద్రం తానే ఎదురొస్తోంది. నాగాయలంక, కోడూరు వైపు బోరు వేసి చూడండి, తెలుస్తుంది.

రెండోది వెచ్చదనం. మే నెల బెజవాడను చూసినవారికి ఇక రుజువులక్కర్లేదు. చిక్కల్లా వేడి శ్రుతి మించితేనే. పగడం తన ఒంట్లో కాపురముండి తిండిపెట్టే నాచునే గెంటేసి పాలిపోతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచంలోని పగడపు దిబ్బలు నాలుగోసారి మూకుమ్మడిగా తెల్లబోతున్నాయని ప్రకటించారు.

మూడోది తేటనీరు. ఎండ అడుగుదాకా దిగకపోతే ఆ నాచు బతకదు, మట్టి మీద పడితే పగడం ఊపిరాడక చస్తుంది. మన దగ్గర దిబ్బలు లేకపోవడానికి ఒక కారణం కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు. ఆ ఒండ్రే డెల్టా అయింది, వరి అయింది, మనమయ్యాం. ఆ తప్పునూ దిద్దుకుంటున్నాం. శ్రీశైలం, సాగర్ జలాశయాలు ఒండ్రును పైనే ఆపేస్తున్నాయి. మేత అందని డెల్టా అంచుల్ని సముద్రం కొరుక్కు తింటోంది. తింటే తిననీండి, నీళ్లు తేరతాయి.

ఫైలు ఆగేది నాలుగో షరతు దగ్గర: దాని మానాన దాన్ని వదిలేయాలి. పర్యాటకులు ఎండకు ఒంటికి రాసుకునే కొన్ని రకాల క్రీములు పగడాల ప్రాణం తీస్తున్నాయని థాయ్‌లాండ్ 2021లో తన సముద్ర పార్కుల్లో వాటిని నిషేధించాల్సి వచ్చింది. మనమా వదిలేసేది!

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వెళ్లి చూడండి. సంగమంలో మునిగితే కాకి హంస అవుతుందని స్థలపురాణం. మునిగొచ్చిన మనుషులు మాత్రం చిప్స్ కవర్లూ వాటర్ ప్యాకెట్లూ వదిలి, వచ్చినట్టే వెళ్తున్నారు. పక్కనే మడ అడవి. బురదలోంచి వేళ్లు ఊపిరి కోసం పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య ఒంటి పెద్దడెక్క పీత ఒకటి, గుట్కా పొట్లం ముందు నిలబడి డెక్క ఆడిస్తోంది. ఆడపీతనుకుందో, శత్రువనుకుందో! 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన ఈ దివిసీమకు అలల్ని అడ్డుకునే మడచెట్టు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మా బావగారికే. చెప్పాను.

"బానే ఉందోయ్. ఎంతవుతుంది?"

"అవనిగడ్డ బస్సెక్కితే చాలు బావగారూ. ఒక్కరోజులో తిరిగొచ్చేయొచ్చు."

ఆయన మొహం వాడిపోయింది. "బస్సుచార్జీతో అయిపోయేదాన్ని నలుగురిలో ఏమని చెప్పుకుంటామోయ్?"