రేకుల షెడ్డు రాక్ పాటకు నేనే సాక్షిని

నేను నికాన్ ఎఫ్ఎం2 కెమెరాను. మా రకం 1982లో జపాన్‌లో వచ్చింది. నా షట్టర్ సెకనులో 4,000వ వంతు కాలంలో తెరుచుకుని మూసుకోగలదు. అదంతా స్ప్రింగుల, గేర్ల పని. అడుగున ఉండే గుండీ సెల్స్ వెలుతురు కొలవడానికే. అవి అయిపోయినా నా పని ఆగదు. అది తెలిసే ఫొటోగ్రాఫర్ అన్న నన్ను హైదరాబాద్ కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఇక్కడి రాక్ బ్యాండ్ల పిల్లలంతా ఆయన్ను అన్నా అంటారు. నాకూ ఆయన అన్నే.

మాది నాచారం. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ ఇక్కడి ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియోస్‌లోనే తయారైంది. సినిమాకు స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉంటాడు, పోస్టర్లు ఉంటాయి. మరి పారిశ్రామికవాడలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, చుట్టూ మెషిన్ల మోత ఉంది కాబట్టి ఎవరూ తిట్టరన్న ధైర్యంతో గిటారు మోగించే కుర్రాళ్లకు ఎవరున్నారు? వాళ్లను ఫొటోలు తీసే పనిని అన్న తన నెత్తికెత్తుకున్నాడు. పెళ్లి ఫొటోల సంపాదన మా రీళ్లకు పోయేది.

రాక్ వేదిక మీద వెలుతురు తక్కువ, కదలిక ఎక్కువ. ఫ్లాష్ కొడితే ఆ వేదిక వెలుగంతా చచ్చిపోతుంది. అందుకే అన్న నాలో ట్రై-ఎక్స్ 400 నలుపు తెలుపు రీలు వేసి, మీటరును 1600కు తిప్పి, తర్వాత డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కడిగేవాడు. ఫిల్మ్ గింజ లావెక్కేది, నలుపు చిక్కబడేది. ఆ గరుకుదనం ఆ పాటకు సరిగ్గా సరిపోయేది. పెద్ద కచేరీల్లో ఫొటోగ్రాఫర్లకు సాధారణంగా మొదటి మూడు పాటలే ఇస్తారు. మావి చిన్న కచేరీలే అయినా, ఏ క్షణమూ జారిపోకూడదని అన్న ముందే ప్రాక్టీసుకు వెళ్లి పాట నేర్చుకునేవాడు. డ్రమ్మర్ చెయ్యి ఎక్కడ లేస్తుందో, గాయకుడు ఎక్కడ కళ్లు మూస్తాడో తెలిశాకే నన్ను కంటికి ఆనించేవాడు.

“అన్నా, ఇంకో పాట కొడతం, తీస్తవా?”

“కొట్టుర్రి తమ్మీ, రీల్ ఇంకా ఉంది.”

పాటకూ పాటకూ మధ్య తను గురువులుగా తలచే ఫొటోగ్రాఫర్ల సంగతులు చెప్పేవాడు. 1966లో బీటిల్స్ ఆఖరి టికెట్ కచేరీని తీసినవాడు జిమ్ మార్షల్. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2010లో ఆయన పోయాడు. 2014లో గ్రామీ ట్రస్టీస్ అవార్డు ఆయన పేరిట ఇచ్చారు. 1979లో న్యూయార్క్‌లో ద క్లాష్ బ్యాండ్‌కు చెందిన పాల్ సైమనన్ తన బేస్ గిటారును నేలకేసి కొడుతుంటే పెన్నీ స్మిత్ తీసింది. ఫోకస్ తప్పిందని ఆమె వద్దన్నా, ఆ బొమ్మే ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ అట్ట అయింది.

వాళ్లు తీసినవారి పాటలు రికార్డుల్లో నిలిచాయి. మా పిల్లల పాటలకు ఆ అదృష్టం లేదు. చదువులు ముగిశాయి, ఉద్యోగాలొచ్చాయి, బ్యాండ్లు విడిపోయాయి. నెగటివ్‌ల కవర్ల మీద అన్న రాసిన తేదీ, పేర్లు, పాటల పేర్లే వాటి ఆనవాళ్లు. ఒకప్పటి గాయకుడు ఏళ్ల తర్వాత కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, “ఇది నేనే” అని చూపించుకుని మురిసిపోయాడు. ఆయన పాడాడనడానికి ఇంట్లో మరో రుజువు లేదు.

ఉప్పల్, నాచారం పిల్లలారా, ఇప్పుడు మీ ఫోన్లలో వేల ఫొటోలున్నాయి. ఫోన్ మారితే అవీ పోవచ్చు. సొంత పాట కట్టిన రోజున ఒక్క ఫొటో అయినా ప్రింటు తీయించండి. వెనక పేర్లు, తేదీ, పాట పేరు రాయండి. మన ఊరి సంగీత చరిత్రను మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.